చేని కట్టె – ఓడ యింధనము

పంట యింటికి చేరిన పిమ్మట నారాయణఖేడు రైతు పత్తికట్టెను ఏమి చేయుచున్నాడు? కొంత పొయ్యిలోనికి పోవును. తక్కినది దుక్కికి అడ్డమని చేనిలోనే తగులబెట్టబడును. మరియొక వంక మన దేశము తనకు వలయు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి కొనుచున్నది. ఈ రెంటిని ఒకచోట నిలిపి చూడవలసిన కాలము వచ్చినది.

2018వ సంవత్సరపు లెక్క ననుసరించి, మానవులవలన వెలువడు భూతాపకారక వాయువులలో నూటికి సుమారు 3 పాళ్లు ఓడలవే. 2050 ప్రాంతమునకు ఈ భారమును నికరముగా శూన్యము చేయవలయునని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2023లో తీర్మానించినది. దానికి శాసనబలము నొసగు నిర్ణయమును 2025 అక్టోబరులో ఒక యేడు వాయిదా వేసినది. వాయిదా పడినంత మాత్రమున వ్యాజ్యము కొట్టివేయబడినట్లు కాదు. సరకుతో మహాసముద్రములు దాటు ఓడను బ్యాటరీలతో నడుపుట నేటికి సాధ్యము గాదు. కావుననే చెత్తనుండి ఓడలకు ద్రవయింధనము తీయుట డాక్టరేటు పరిశోధనలకు విషయమైనది.

మార్గము తెలియనిది గాదు. ఎండుకట్టెను పొడిచేసి, గాలి సోకనీయక సుమారు 500 డిగ్రీల వేడిమికి గురిచేసినచో ఆవిరులు వెలువడును. వానిని చల్లార్చిన నల్లని తైలమగును. కాని అందు నీరును, ఆమ్లములును, ప్రాణవాయువును అధికము. నిలువయుంచిన చిక్కబడును, ఖనిజతైలముతో కలియదు, లోహమును తినివేయును. ఉదజనితో దానిని చవుకగా సంస్కరించుట యెట్లన్నదే పరిశోధకుని యెదుటనున్న ప్రశ్న. పెద్ద ఓడల యంత్రము విమానయంత్రమంత సుకుమారము గాదు. శుద్ధికర్మాగారమున అడుగున మిగులు ముతకనూనెతో నడచుటకు అలవాటుపడినది. ఇది పరిశోధకునికి కొంత యనుకూలము.

ఇట్టి పని మనవారికి కొత్త గాదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారి పద్ధతిచే బోయినపల్లి కూరగాయల మార్కెట్టున దినమునకు సుమారు 10 టన్నుల చెత్తనుండి 500 యూనిట్ల విద్యుత్తు తీసిరి. 1948లో విశాఖపట్టణమున ‘జలఉష’ నీట దిగిన నాడు ఓడ మనదైనది. ఇంధనము మాత్రము నేటికిని చాలవరకు పరులదే.

అయినను రైతు పక్షమున మేము కొన్ని నియమములు కోరుచున్నాము. జొన్నచొప్ప పశువుల సొత్తు. దానిని ఓడకు పెట్టరాదు. పత్తికట్టె బండినిండ నున్నను బరువు స్వల్పము. దూరము మోసినచో కిరాయియే లాభమును మ్రింగును. కావున తైలము తీయు బట్టీ ఖేడు ప్రాంతముననే యుండవలయును. తైలము మాత్రమే రేవునకు పోవలయును. బట్టీలో మిగులు బొగ్గుపొడి చేనికి తిరిగి రావలయును. తూకము, ధర, చెల్లింపు గడువు వ్రాతమూలముగ నుండవలయును. ఇవి లేనిచో కట్టె రైతుది, కలిమి దళారిది యగును.

ఈ సంగారెడ్డి జిల్లాలోనే, కంది గ్రామమున ఐ.ఐ.టి. కలదు. అచ్చటి యువకులలో నొక్కరైనను ఖేడు పత్తికట్టెను తమ సిద్ధాంతగ్రంథమునకు విషయముగా గైకొని, చేనిలో తూచి, ఖర్చు లెక్కగట్టి, ఫలితమును తెలుగున రైతుల యెదుట చెప్పుదురుగాక. వారిని పిలిచి వినుట మన పఠనమందిరముల విధి.