చెదలపాలగుచున్న జాబులు

నాటకము ముగిసి తెరపడిన పిదప మిగులునదేమి? రచయిత కృతి అచ్చులో నిలుచును. నటుని వాచికము విన్నవారితోడనే పోవును. ఈ పద్యమేల కుదించిరో, ఆ రంగమేల తొలగించిరో చెప్పగలవి ఆ యిరువురి నడుమ నడచిన జాబులే. అట్టి జాబులను మనవారు తూకమునకు అమ్ముకొనుచున్నారు. ఇటీవల కరీంనగరములో పాత కాగితముల దుకాణము ముందు, పెండ్లిపత్రికల నడుమ జాబుల కట్టయొకటి మా కంటబడెను. పైనున్న కార్డులో ఒక నటుడు, దీర్ఘమైన పద్యము తన ఊపిరి కందుట లేదనియు, కొంచెము తగ్గించి పంపుమనియు కవిని వేడుకొనియుండెను. మేము పైకము తెచ్చునంతలో ఆ కట్ట లారీ కెక్కినది.

ఆంగ్లేయులు ఇట్లు చేయలేదు. బెర్నార్డు షాకును, నటీమణి ఎలెన్ టెర్రీకిని నడచిన ఉత్తరప్రత్యుత్తరములు 1931లో గ్రంథముగా వెలువడినవి. వారు ఏండ్ల తరబడి ముఖాముఖి మాటాడకయే జాబులు వ్రాసికొనిరి. ఆమె కొరకై షా 1899లో ఒక నాటకము రచించెను. తొలుత ఆమె కది నచ్చలేదు. 1906లో లండనులో ఆమెయే ఆ పాత్ర ధరించెను. నడుమ జరిగిన బుజ్జగింపుల కథ ఆ జాబులు లేనిచో ఎవరెరుగుదురు?

మనకును నటులు లేకపోలేదు, రచయితలు లేకపోలేదు. కరీంనగరమున 1909లో జన్మించిన పైడి జైరాజు బొంబాయి కేగి, మూకీల నాటినుండి నటించి, 1980కి ఫాల్కే పురస్కార మందెను. హనుమాజీపేట బిడ్డ సి. నారాయణరెడ్డి, నందమూరి తారకరామారావు పిలుపున 'గులేబకావళి కథ'కు (1962) పాటలు వ్రాసి చిత్రసీమలో కాలుమోపెను. ఆదిలాబాదున సామల సదాశివ, చెన్నూరున వానమామలై వరదాచార్యులు ఉండిరి. రాజధానికి దూరమున నుండి వ్రాసినవారికి తపాలాయే సభామండపము. 2016లో జిల్లాలు చీలినవి. చెన్నూరు మంచిర్యాలలోనికి, హనుమాజీపేట సిరిసిల్లలోనికి పోయినవి. జాబులకు ఈ హద్దులు తెలియవు గనుక ఏ జిల్లావారు పూనుకొన్నను మాకు సమ్మతమే.

ఇచ్చట మరియొక చిక్కు గలదు. నిజాము రాజ్యమున పెక్కుమంది చదువు ఉర్దూలో సాగినది. నారాయణరెడ్డియు ఆ మాధ్యమముననే చదివెను. తెలుగు కవి సయితము మిత్రునికి ఉర్దూలో కుశలము వ్రాయుట ఆనాడు వింత కాదు. నేటి మనుమనికి ఆ లిపి రాదు. చదువరాని కాగితము ఇంట చెత్తయే యగును. తాతగారి పెట్టెలో నున్నది అప్పుపత్రమో, నాటకమునుగూర్చిన చర్చయో తేల్చుకొనలేక దానిని బయట వేయుచున్నాడు. చెదలకంటె ఈ అజ్ఞానమే ఎక్కువ జాబులను తినినది.

ఈ పని మనకు క్రొత్త కాదు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ప్రత్యుత్తరముగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులను 'గోలకొండ కవుల సంచిక'లో చూపెను. అంతటి పని ఆనాడు సాగినప్పుడు, నేడు ఒక్కొక్క పట్టణపు గ్రంథాలయము ఒక్కొక్క పెట్టె నింపలేదా?

జాబుతోపాటు కవరును కూడ ఉంచవలెను. హైదరాబాదు సంస్థానమునకు 1950 వరకు సొంత తపాలా బిళ్లలుండెను. తేదీ లేని జాబుకు ఆ బిళ్లయు, ముద్రయు సాక్ష్యము. చిరుగులకు జిగురు పట్టీలు అంటింపరాదు, ప్లాస్టిక్ పొరలో అతికింపరాదు. కాగితము అందుకొన్నవారిదైనను, ముద్రణాధికారము వ్రాసినవారిది, వారి వారసులది. అనుమతి లేక అచ్చొత్తరాదు. ఇంటిగుట్టు బయటపడునని జంకువారు మూలము తమయొద్దనే యుంచుకొని నకలు తీయనిచ్చిన చాలును.

ఉర్దూ జాబుల మాట కేమందురా? ఆ లిపి చదువగల వృద్ధులు మన పఠనాలయములలో ఇంకను ఉదయముననే వచ్చి పత్రికలు తిరుగవేయుచున్నారు. పెట్టె తెరచుటకు ముందు వారిని పిలువుడు.