సల్ఫర్ గెంతు... అల్లీన్ రెడీ!

బిర్యానీ గట్టిగా లాగించి ఒమెజ్ వేసుకునేవాళ్లు మా కొండాపూర్‌లో తక్కువేం కాదు. ఆ క్యాప్సూల్‌లోని మందు ఒమెప్రజోల్. దాని అణువులో ఒక సల్ఫర్, దాన్ని అంటిపెట్టుకుని ఒక ఆక్సిజన్ ఉంటాయి. ఈ జంట పేరు సల్ఫాక్సైడ్. దీన్ని అల్లీన్‌కు తగిలిస్తే? ఈ వారం ముచ్చట అదే.

అల్లీన్ అంటే వరసగా మూడు కార్బన్లు. నడిమిదానికి అటూ ఇటూ డబుల్ బాండే. ఒక చివర నిలువుగా ఉంటే రెండోది అడ్డంగా ఉంటుంది. కాబట్టి కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా రెండు రూపాలు ఉండొచ్చని వాంట్ హాఫ్ 1875లోనే చెప్పాడు. మెయిట్‌లాండ్, మిల్స్ చేసి చూపించేసరికి 1935 వచ్చింది. అరవై ఏళ్లు!

ఇక తయారీ. ప్రొపార్జిల్ ఆల్కహాల్ తీసుకోండి. ఇందులో ట్రిపుల్ బాండ్, దాని పక్క కార్బన్ మీద ఆక్సిజన్ ఉంటాయి. బాగా చల్లబరిచి, ట్రైఇథైల్ అమీన్ వేసి, ఫినైల్ సల్ఫెనైల్ క్లోరైడ్ చుక్కచుక్కగా కలుపుతారు. ముందు సల్ఫర్ వెళ్లి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఆ తర్వాత, ఎవరూ తొయ్యకుండానే, అవతలి చివరి కార్బన్ మీదికి గెంతుతుంది. అదే క్షణంలో ఆక్సిజన్ తన పాత కార్బన్‌ను వదిలేసి సల్ఫర్‌తో వెళ్లిపోతుంది. ట్రిపుల్ బాండ్ పోయి రెండు డబుల్ బాండ్లు మిగులుతాయి. అల్లీన్ రెడీ! ఇంకో ఆక్సిజన్ ఎక్కిస్తే సల్ఫోన్.

ఇంకో దారీ ఉంది. ప్రొపార్జిల్ సల్ఫైడ్‌కు బేస్ కలిపితే బాండ్లు జరిగి అల్లీన్ వస్తుంది. చిక్కల్లా, సమయానికి ఆపకపోతే అది అల్లీన్ దగ్గర ఆగదు, మళ్లీ ట్రిపుల్ బాండ్ అయిపోతుంది.

ఎందుకింత తంటా అంటారా? సల్ఫాక్సైడ్, సల్ఫోన్ ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కుంటాయి. దాంతో నడిమి కార్బన్ ఆకలి మీదుంటుంది. అమీన్ లాంటివి వచ్చి సరిగ్గా అక్కడే అతుక్కుంటాయి. కొత్త రింగులు కట్టడానికి అదే పునాది.

ఇదేదో విదేశీ వ్యవహారం అనుకోకండి. మా పక్కనే, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ కె.సి. కుమారస్వామి బృందం ఇలాంటి గెంతునే సల్ఫర్ బదులు ఫాస్ఫరస్‌తో చేయించి బోలెడు అల్లీన్లు తయారుచేసింది. అక్కడే ప్రొఫెసర్ ఎం. పెరియసామి బృందం రెండు చేతుల్లో కావాల్సిన చెయ్యినే ఎంచుకుని అల్లీన్లు చేసే పద్ధతులు చూపించింది.

ఆ ఎంపిక ఎంత ముఖ్యమో మెడికల్ షాపులోనే కనిపిస్తుంది. ఒమెప్రజోల్‌లో రెండు చేతులూ కలిసే ఉంటాయి. ఒక్క చెయ్యినే విడిగా తయారుచేస్తే అది ఎసొమెప్రజోల్, వేరే మందు!

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, కోడింగ్ కోర్సుకు ఫీజు కట్టాలా అని ఊగిసలాడే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... కట్టే ముందు ఒక్కసారి ఆ ల్యాబ్‌లు కూడా చూసి రండి. కొండాపూర్ నుంచి పెద్ద దూరమేం కాదు.