గట్టిగా చదువుకునే గది

పట్టణంలో కొత్త గ్రంథాలయం కడుతున్నారంటే మనం సాధారణంగా కోరేది ఒక్కటే: ఒక తెలుగు బీరువా. బీరువా వస్తుంది. కొన్నాళ్లకు దానికి తాళం పడుతుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. భవనం పూర్తయ్యాక అడిగితే దక్కేది అంతే. నమూనా గీసేటప్పుడే మన మాట చేరాలి.

"మన ఊళ్లో కొత్త గ్రంథాలయం వస్తే అందులో ఏముండాలి?" అని ఈమధ్య మా పిల్లల్ని అడిగాను. కంప్యూటర్లు, కథల పుస్తకాలు, ఫ్యాన్లు అన్నారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం, "గట్టిగా చదువుకునే గది కావాలి సార్. మా అవ్వకు తెలుగు అక్షరాలు రావు. నేను చదివితే వింటుంది" అంది.

హోసూరు ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. మాట తెలుగు, పెద్దల చదువు తమిళమో కన్నడమో. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. పిల్లలు తమిళం నేర్వవలసిందే. కానీ తెలుగుకు బడిలో చోటు తగ్గినప్పుడు బడి బయటైనా దొరకాలి కదా! "నిశ్శబ్దం" అని బోర్డు పెట్టిన ఒకే హాలులో అవ్వా మనవరాలూ ఎక్కడ కూర్చుంటారు? ఈ సంగతి ఇంజనీరుకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఇది దయ కోరడం కాదు. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. పాఠకుడి అవసరాన్ని బట్టి గ్రంథాలయం నడపడం మనవాళ్లకు కొత్తా కాదు. 1935లో పెదవడ్లపూడిలో పాతూరి నాగభూషణం గారు కాలువ పడవల్లోనే పుస్తకాలు పెట్టించారు. ప్రయాణికులకు తీరిక దొరికేది అక్కడే కాబట్టి.

వేరే గది ఖర్చు అనవచ్చు. కాగితం మీద గోడ గీయడానికి ఖర్చు లేదు, కట్టిన గోడ పగలగొట్టడానికే ఖర్చు. పైగా ఆ గది తమిళ, కన్నడ, ఉర్దూ కుటుంబాలకూ పనికొస్తుంది. వారినీ కలుపుకుందాం.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ప్రతి ఇంటినీ మూడు ప్రశ్నలు అడుగుదాం: ఏ వేళకు రాగలరు? వెంట ఎవరు వస్తారు? ఏం చదువుతారు? జవాబులను తమిళంలోనూ రాసి, అందరి సంతకాలతో జిల్లా గ్రంథాలయ అధికారికి ఇద్దాం. తెలుగు చదవగల ఉద్యోగి ఒకరు ఉండాలని కూడా అందులో రాద్దాం.

పునాది పడకముందే ఈ పని జరగాలి. ఆ తరువాత మనకు మిగిలేది బీరువాయే.