చిటికి నేర్పే ప్రోగ్రామింగ్

విద్యార్థులారా! ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. చీర నేశాక రంగులు వేస్తారా, రంగులు వేశాక చీర నేస్తారా? కలంకారీ అయితే నేసిన బట్ట మీద బొమ్మ గీసి రంగులు వేస్తారు. మన పోచంపల్లి చీర సంగతి వేరు. ఇక్కడ రంగు ముందు, నేత తరువాత. దారం ఇంకా దారంగా ఉన్నప్పుడే ఏ చోట ఎరుపు రావాలో, ఏ చోట తెలుపు మిగలాలో లెక్క కట్టి, అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచుతారు. దీన్ని మనం చిటికి అంటాం. లోకమంతా ఇక్కత్ అంటుంది. అది ఇండోనేషియా వైపు నుంచి వచ్చిన మాట. దాని మూలంలో ఉన్న అర్థం కూడా కట్టడమే.

సైన్సు పత్రికలో చీరల ముచ్చట ఏమిటని అడుగుతారేమో. ఈ రోజుల్లో ఏ ఇంటికి వెళ్ళినా రెండు మాటలు వినబడుతున్నాయి. ఒకటి, ‘మా వాడికి కోడింగ్ నేర్పించాలి’. రెండు, ‘ఎంత ఖర్చయినా సరే, కంప్యూటర్ బ్రాంచిలోనే సీటు కావాలి’. ఆ సీటు కోసం ఎకరమో అరెకరమో అమ్మినవారు, వడ్డీకి తెచ్చినవారు మీ చుట్టుపక్కల కూడా ఉంటారు. అంత సొమ్ము పెట్టి కొంటున్న వస్తువు ఏమిటో ముందు తెలుసుకోవాలి కదా! ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి పైసా ఖర్చు అక్కరలేదు. మన వీధిలోని మగ్గం దగ్గర అరగంట నిలబడితే చాలు.

దారంలో దాగిన లెక్క

చిటికి పని ఎలా సాగుతుందో గమనించండి. మొదట గళ్ళ కాగితం మీద నమూనా గీస్తారు. ప్రతి గడీకి ఒక రంగు. తరువాత పేక దారాన్ని ఆసు మీద పోస్తారు. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రమే ఆసు. నడిమి మేకు నుంచి అంచు మేకుకు, అంచు మేకు నుంచి నడిమి మేకుకు దారాన్ని వేలసార్లు తిప్పాలి. తరువాత కాగితం మీది లెక్క ప్రకారం దారాల గుంపు మీద గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో కట్లు కడతారు. కట్టిన చోటికి రంగు ఎక్కదు. కట్టని చోటికి ఎక్కుతుంది. కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఆపైన దారాన్ని కండెలకు చుట్టి, నాడెలో పెట్టి నేస్తారు. పడుగులో ఆ దారం తన చోట కూర్చోగానే బొమ్మ దానంతట అదే పైకి తేలుతుంది!

కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఇంతే. చేయవలసిన పనిని చిన్నచిన్న అడుగులుగా విడగొట్టాలి. ఏ అడుగు తరువాత ఏ అడుగో వరుస తప్పకుండా రాయాలి. ‘ఈ చోట అయితే ఇలా, కాకపోతే అలా’ అని షరతు పెట్టాలి. ఒకే పని పదే పదే వస్తే దాన్ని ఒక్కసారి చెప్పి, ఇన్నిసార్లు చేయమనాలి. చిటికి కట్టేవారు ఈ నాలుగు పనులూ చేస్తారు.

చివరి దాన్ని లెక్కతో చూద్దాం. గళ్ళ కాగితంపై 11 అడ్డ వరుసల్లో ఒక వజ్రం ఆకారం గీశారనుకోండి. మొదటి వరుసలో 1 గడి, రెండో దానిలో 3, తరువాత 5, 7, 9, నడిమి వరుసలో 11, మళ్ళీ 9, 7, 5, 3, 1. వరుసలు 11 ఉన్నా వాటిలో రకాలు ఎన్ని? ఆరే! మొదటి వరుసా చివరి వరుసా ఒకటే, రెండోదీ పదోదీ ఒకటే. అందుకని ఒకే రకం దారాలను ఒక్క గుంపుగా చేర్చి ఒకేసారి కట్టవచ్చు. ఆ వజ్రం చీర పొడవునా యాభైసార్లు వచ్చినా రకాలు ఆరే. పని తగ్గించే ఈ ఉపాయాన్ని ప్రోగ్రామర్లు ఎంతో విలువైనదిగా భావిస్తారు. మన వాళ్ళు దానికి పేరు పెట్టకుండానే వాడుతున్నారు.

తప్పుల సంగతి కూడా అలాంటిదే. ఆసు దగ్గర లెక్క ఒకటి తప్పితే ఆ తప్పు అప్పుడు కనబడదు. రంగు వేసేటప్పుడూ కనబడదు. నేత సాగుతుండగా పువ్వు రేకు పక్కకు జరిగి కనబడుతుంది. అప్పుడు వెనక్కి ఆలోచించి తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలి. ప్రోగ్రాం రాసేవారి రోజులో చాలా భాగం ఈ వెదుకులాటకే పోతుంది.

చిల్లుల అట్టల కథ

మగ్గానికీ కంప్యూటర్‌కూ ఉన్న చుట్టరికం నేను కల్పించింది కాదు, చరిత్రలో ఉన్నదే. ఫ్రాన్సు దేశంలో లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డు 1804లో చిల్లులు పొడిచిన అట్టలతో నడిచే మగ్గం సాధనాన్ని రూపొందించాడు. అట్టలో చిల్లు ఉంటే ఆ దారం లేస్తుంది, లేకపోతే లేవదు. అట్టల దండ మారిస్తే బొమ్మ మారుతుంది, మగ్గం మాత్రం అదే. గద్వాల చీరల అంచుల్లోని పనికి నేటికీ జకార్డు వాడతారు.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన గణన యంత్రానికి ఈ చిల్లుల అట్టలనే ఎంచుకున్నాడు. ఆ యంత్రాన్ని గురించి అడా లవ్‌లేస్ 1843లో విపులమైన వివరణలు ప్రచురించింది. లెక్కలు చేసే పద్ధతిని యంత్రానికి అడుగడుగునా చెప్పడం వాటిలో ఉంది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కంప్యూటర్లకు ప్రోగ్రాములు అందించింది కూడా కార్డులే. నేతపనివారి ఇంట పుట్టిన పిల్లలకు కంప్యూటర్ పరాయిది కాదని ఇందుకే అంటున్నాను.

ఇంటిపేరు ఒప్పుకోని దరఖాస్తు

ఇప్పుడు మనల్ని విసిగించే సంగతికి వద్దాం. మా బడిలో పిల్లల కోసం ఒక దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపుతున్నాం. ఒక అమ్మాయి ఇంటిపేరు ధ్రువపత్రాల్లో ఒక్క అక్షరంగా, పేరుకు ముందు ఉంది. మనలో ఎంతమందికి అలా ఉండదు? ఆ దరఖాస్తు మాత్రం ‘చివరి పేరులో కనీసం మూడు అక్షరాలు ఉండాలి’ అంటూ ముందుకు కదలలేదు. ఎవరో ‘కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు, మనమేం చేస్తాం!’ అన్నారు.

విద్యార్థులారా, ఈ మాటను ఎప్పుడూ అంగీకరించకండి. కంప్యూటర్‌కు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం తెలియదు. ఎక్కడో కూర్చున్న ఒక మనిషి ‘అక్షరాలు మూడు కంటె తక్కువైతే తిప్పిపంపు’ అని ఒక వరుస రాశాడు. మన పేర్లు ఎలా ఉంటాయో అతడు కనుక్కోలేదు. అంతే! ప్రోగ్రాం రాయడం అతడికి వచ్చు, ఎవరి కోసం రాస్తున్నాడో తెలియదు.

పెద్ద ఉదాహరణ కూడా ఉంది. కంప్యూటర్‌లో జాగా ఖరీదైన రోజుల్లో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసేవారు. 1975 అంటే 75. మరి 2000 వస్తే? 00 అంటే 1900 అనుకునే ప్రమాదం వచ్చిపడింది. ప్రపంచమంతటా పాత ప్రోగ్రాములను వెదికి సరిదిద్దవలసి వచ్చింది. 1990ల చివర ఆ పనికి ఎందరో తెలుగువారు విదేశాలకు వెళ్ళారు. హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ కేంద్రాలు కిటకిటలాడాయి. అనుకున్న రోజు గడిచింది, ఆ పని తీరిపోయింది. ఒక్క కిటుకు మాత్రమే నేర్చినవారు మళ్ళీ కొత్తగా మొదలుపెట్టవలసి వచ్చింది. ఆలోచించే పద్ధతి నేర్చినవారు నిలదొక్కుకున్నారు.

నేడూ అటువంటి మలుపే వచ్చింది. మామూలు మాటల్లో అడిగితే ప్రోగ్రాం రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు 2022 చివరి నుంచి అందరి చేతికీ వచ్చాయి. అవి రాసినది సరిగా ఉందా, ఎక్కడ తప్పింది, అసలు ఏం అడగాలి అన్నవి తేల్చవలసింది మనిషే. నమూనా చూడగానే తప్పు పట్టే పెద్ద నేతగాని కన్ను వంటి కన్ను ఇప్పుడు మరింత అవసరం.

నూటికి నూరు అంటే దేనిలో నూరు?

ఇక చదువుల వ్యాపారం. 2008-09 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బోధన రుసుమును ప్రభుత్వమే చెల్లించే పథకం విస్తరించింది. పేద పిల్లలెందరో ఇంజనీర్లయ్యారు. అది మేలే. దాని వెంటే కళాశాలలూ పుట్టుకొచ్చాయి. కొన్ని ఏళ్ళలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు ఆరు వందలు దాటాయి. ఆ తరువాత పిల్లలు చేరక చాలా మూతపడ్డాయి. నేడు తెలంగాణ ప్రైవేటు కళాశాలల్లో నూటికి 70 సీట్లు ర్యాంకును బట్టి కన్వీనర్ కోటాలో, 30 యాజమాన్య కోటాలో నిండుతాయి. మొత్తం మీద సగానికి మించిన సీట్లు కంప్యూటర్ సంబంధమైన బ్రాంచీలవే. వ్యవసాయ పరికరాలు, రంగుల రసాయనం, నీరు, రోడ్లు, విద్యుత్తు వంటి వాటిని చదివేవారు తగ్గిపోతున్నారు.

పరీక్షల ఫలితాలు రాగానే ప్రకటనలు గోడల నిండా వెలుస్తాయి. ‘నూటికి నూరు శాతం ఉద్యోగాలు!’ లెక్కల పుస్తకం తెరిచినవారు ముందు అడగవలసిన ప్రశ్న, దేనిలో నూరు శాతం? ఒక కళాశాలలో చివరి ఏడు 240 మంది ఉన్నారనుకుందాం. వారిలో 60 మందినే ‘అర్హులు’గా లెక్కించి, ఆ 60 మందికీ ఉద్యోగాలు వస్తే ప్రకటనలో నూరు శాతమే. అసలు లెక్కలో 25 శాతం.

జీతం లెక్కా చూడండి. ఆ 60 మందిలో 59 మందికి ఏడాదికి 3 లక్షలు, ఒక్కరికి 40 లక్షలు వచ్చాయనుకుందాం. గోడ మీద కనబడేది 40 లక్షలు. సగటు తీస్తే సుమారు 3 లక్షల 62 వేలు. ఆ సగటు కూడా 59 మందికి అందలేదు! కాబట్టి ‘మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత వచ్చింది?’ అని అడగండి. ఇంకా అడగండి: ఈ బ్రాంచికి అధ్యాపకులు ఎందరు? ప్రయోగశాల సాయంత్రం తెరిచి ఉంటుందా? విద్యార్థులు తయారుచేసిన వస్తువులు చూపిస్తారా? జవాబు చెప్పడానికి ఇష్టపడని చోట సొమ్ము కట్టవద్దని మీ నాన్నగారికి ధైర్యంగా చెప్పండి. భూమి అమ్మే సంతకం ఆయనది కావచ్చు, నాలుగేళ్ళు చదవవలసింది మీరు.

ఆసు యంత్రం చెప్పే పాఠం

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరు మీరు వినే ఉంటారు. చిన్న వయసులోనే బడి మాని నేతపనిలో దిగారు. ఒక చీరకు ఆసు పోయాలంటే చేతిని సుమారు 9,000 సార్లు తిప్పాలి. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మి గారి భుజాలు నొప్పులతో బాధపడేవి. ఆ బాధను చూసి 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. అప్పులు, ఎగతాళి, ఆగిపోయిన ప్రయత్నాలు దాటి 1999లో యంత్రం పూర్తయింది. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. గంటల తరబడి సాగే పని సుమారు గంటన్నరకు తగ్గింది. తరువాత దానికి ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేర్చారు. 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

చదువు మానితే ఇలా అవుతారని నేను చెప్పడం లేదు. నా అభిప్రాయం దానికి సరిగ్గా వ్యతిరేకం. మంచి ప్రయోగశాల, సలహా చెప్పే గురువు, కొద్దిపాటి సొమ్ము అందుబాటులో ఉంటే ఆ ఏడేళ్ళు రెండేళ్ళయ్యేవేమో! అవి అందించడానికే కళాశాలలు ఉండాలి. అయితే ఎంత పెద్ద కళాశాల అయినా ఇవ్వలేనిది ఆయన దగ్గర ముందే ఉంది. ఏ పని ఎవరిని బాధిస్తోందో ఆయనకు తెలుసు. దారం ఎక్కడ తెగుతుందో, ఏ మేకు దగ్గర చెయ్యి ఆగుతుందో తెలుసు. ఆ తెలివి మీ ఇళ్ళలోనూ ఉంది. దాన్ని చిన్నచూపు చూసి, ‘కోడింగ్’ అన్న పేరును మాత్రం అప్పు చేసి కొనుక్కోవడం వివేకం కాదు.

పదో తరగతి తరువాత దారులు ఒకటి కంటె ఎక్కువే ఉన్నాయి. పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పదో తరగతి మార్కులతో పిల్లల్ని చేర్చుకొని ఆరేళ్ళు చదివించే బాసర విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. ఏ బ్రాంచి చదివినా ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చు. పైథాన్ వంటి భాషలు ఉచితంగానే దొరుకుతాయి.

చేసి చూడండి

ఒక గళ్ళ కాగితం తీసుకొని పైన చెప్పిన వజ్రం బొమ్మకు ఆజ్ఞలు రాయండి. ‘మొదటి వరుసలో ఆరో గడి నింపు’ అన్న పద్ధతిలో. బొమ్మ చూపకుండా ఆ కాగితాన్ని స్నేహితుడికిచ్చి, రాసినది రాసినట్లే గీయమనండి. బొమ్మ తప్పితే స్నేహితుణ్ణి కోప్పడకండి, మీ ఆజ్ఞల్లో తప్పు వెదకండి. అది సరిదిద్దాక, అదే బొమ్మను ఇంకా తక్కువ ఆజ్ఞలతో గీయించగలరేమో చూడండి. పదకొండు ఆజ్ఞలను ఆరుకు తేగలిగినవారు, ఆ కాగితాన్ని చిటికి కట్టే ఎవరికైనా చూపించి, నాలుగుకు తేవడం సాధ్యమేమో అడిగి రండి.