ఇల్లు తాకట్టు పెట్టునపుడు

రాయవేలూరులోను, గుడియాత్తములోను మనవారు ఆడపిల్ల పెండ్లికో, మగ్గముల పెట్టుబడికో ఇల్లు తాకట్టు పెట్టుట క్రొత్త గాదు. చేవ్రాలు చేయుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని మేము మనవి చేయుచున్నాము.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 60వ సెక్షను ప్రకారము, గడువు వచ్చిన పిమ్మట బాకీ చెల్లించి ఇల్లు విడిపించుకొను హక్కు యజమానికి కలదు. "గడువు దాటినచో ఇల్లు నీదే" యని తనఖా పత్రములో వ్రాసి యిచ్చినను ఆ హక్కు పోదు.

కాని కొందరు ఋణదాతలు తనఖాకు బదులు క్రయపత్రమే వ్రాయించుకొని, బాకీ తీరగానే ఇల్లు తిరిగి వ్రాసి యిత్తుమని నోటిమాట చెప్పుదురు. మనవారు మోసపోవునది అచ్చటనే. 1929 నాటి సవరణ ప్రకారము, తిరిగి ఇచ్చు షరతు ఆ పత్రములోనే లేనిచో చట్టము దానిని తనఖాగా ఎంచదు. ఎంత దగ్గరివాడైనను సరే, అప్పునకు క్రయపత్రము వ్రాసి యియ్యకుడు.

బ్యాంకు అప్పు సంగతి వేరు. వాయిదాలు నిలిచి అప్పు మొండిబాకీ యైనచో, 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము ఇల్లు స్వాధీనము చేసికొనుటకు ముందు బ్యాంకు 60 దినముల నోటీసు ఇయ్యవలెను. మన ఆక్షేపణకు 15 దినములలో జవాబు చెప్పవలెను. స్వాధీనము చేసికొన్నచో, 45 దినములలో మనము ఋణ వసూలు ట్రిబ్యునలుకు పోవచ్చును. నోటీసు ఇంగ్లీషులో నున్నదని బీరువాలో పెట్టకుడు. ఆ దినమే తెలిసినవారిచే చదివించుకొనుడు.

బాకీ పూర్తిగా తీర్చిన 30 దినములలో అసలు పత్రములు తిరిగి ఇయ్యవలెనని 2023లో రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసినది. బ్యాంకు వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు మనకు చెల్లింపవలెను. కావున పత్రములు చేతికి వచ్చువరకు అడుగుట మానకుడు.