గెల దమ్మపేటలో, ధర ఢిల్లీలో

అశ్వారావుపేట, దమ్మపేట వైపు వెళ్తే ఎటు చూసినా పామాయిల్ తోటలే. మొక్కలకి, డ్రిప్‌కి సబ్సిడీ ఇస్తున్నారు, ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలూ దగ్గర్లోనే ఉన్నాయి. బాగుంది. కానీ గెల చేతికొచ్చేది నాలుగో ఏడు. కోశాక ఒకట్రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరాల్సిందే, మిర్చిలా కోల్డ్ స్టోరేజీలో దాచుకునే వీల్లేదు.

ధరేమో ముడి పామాయిల్ రేటుని బట్టి. కేంద్రం 2024 సెప్టెంబరులో ముడి నూనెపై దిగుమతి సుంకం 20 శాతం చేసింది, 2025 మే 30న 10కి దించింది. వంటింటికి ఊరటే. మరి రైతుకి?

సాఫ్ట్‌వేర్‌లో దీన్నే డిపెండెన్సీ అంటాం: ఎక్కడో ఒక లైను మారితే ఇక్కడ ప్రోగ్రాం ఆగిపోతుంది. 2021 ఆయిల్‌పామ్ మిషన్‌లో ధర పడితే తేడా భర్తీ చేసే ఏర్పాటు ఉంది. రెండెకరాల గిరిజన రైతుకి మొక్కతోపాటు ఆ హామీ కూడా కాగితం మీద రాసివ్వండి. పాతికేళ్ల తోటకి ఎనిమిది నెలల పాలసీ సరిపోదండీ!