అరగంట టకటక

మా ఇంట్లో సాయంత్రం ఆరున్నరకి టకటక మొదలవుతుంది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఒళ్ళో ఎలక్ట్రిక్ గిటారు. ఎడమచేయి గిటారు మెడ మీద ఉంటుంది, అందులో వింతేం లేదు. కుడిచేయి కూడా మీటడం మానేసి అక్కడికే వెళ్ళి, వేలితో తీగని మెట్టు మీద కొడుతుంది. దీన్ని ట్యాపింగ్ అంటారట. యాంప్లిఫయర్ పెట్టదు కాబట్టి మాకు వినపడేది పాట కాదు, ఉడుకుతున్న గిన్నె మీద మూత కొట్టుకున్నట్టు ఒక చప్పుడు.

మా అత్తయ్యగారు వారం రోజులు ఓర్చుకుని, "ఏటే అమ్మా ఆ టకటక? పాటేనా అది?" అని అడిగేశారు. వచ్చిన చుట్టాలు "ఏదీ, ఓ పాట వాయించు" అంటారు. అది ఇంకా పాట దాకా రాలేదంటే, ఇంత డబ్బు పోసి కొన్నది ఇందుకా అన్నట్టు నా వైపు చూస్తారు.

నేనూ కొన్నాళ్ళు వాళ్ళ పక్షమే. పోయినేడు పరీక్షలకి మూడు నెలల ముందు గిటారుని సంచిలో పెట్టి బీరువా మీదకి ఎక్కించేశాను. "పరీక్షలయ్యాక తీద్దాంలే" అన్నాను. అది ఎదురు చెప్పలేదు. తీరా దించాక చూస్తే వేళ్ళ చివర గట్టిపడిన చర్మం మెత్తబడిపోయింది. ఆగకుండా వచ్చే వరస ముక్కలుముక్కలుగా వచ్చింది. పోనీ ఆ అరగంట చదువుకి పోయిందా అంటే, ఫోన్‌కి పోయింది.

అప్పుడు మొదటిసారి పక్కన కూర్చుని, అసలు ఏం చేస్తున్నావే అని అడిగాను. ఎడమచేతి చూపుడువేలు అయిదో మెట్టు మీద. కుడిచేతి మధ్యవేలు అదే తీగని పన్నెండో మెట్టు మీద కొడుతుంది, ఒక స్వరం. ఆ వేలిని ఊరికే ఎత్తకూడదు, తీగని కాస్త పక్కకి గీరి వదలాలి. అప్పుడే అయిదో మెట్టు పలుకుతుంది. వెంటనే ఎడమచేతి చిటికెనవేలు ఎనిమిదో మెట్టు మీద పడాలి. మూడు స్వరాలూ ఒకే బరువుతో, ఒకే ఎడంతో రావాలి. చిటికెనవేలిది ఎప్పుడూ నీరసంగా వస్తుంది. అందుకే ఫోన్‌లో మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బలకి పెట్టుకుని, అదే వరస మళ్ళీ మళ్ళీ. వేగం తరవాత. మిగతా తీగలు వాటంతటవి మోగకుండా మెడ చివర నా జడ బ్యాండు చుట్టింది. అవి ఎక్కడ మాయమవుతున్నాయో అప్పుడు తెలిసింది నాకు.

ఈ పద్ధతి అంతకుముందూ ఉన్నా, ప్రపంచమంతా దీని వెంట పడింది 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ 'ఎరప్షన్' వచ్చాక. వినడానికి రెండు నిమిషాలు కూడా లేదు. మనకి కనపడేది ఆ రెండు నిమిషాలే. అంత సాఫీగా రావడానికి ముందు ఏ ఇంట్లోనైనా ఈ టకటకే ఉంటుంది.

మనది విజయనగరం. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. రెండు చేతులతో, రెండు కాళ్ళతో, తలతో అయిదు వేరువేరు తాళాలు వేసేవారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. రెండు చేతులు రెండు పనులు చెయ్యడం మన ఊరికి కొత్తేం కాదు. అదే కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు వాయించిన వయొలిన్ కూడా బయటి నుంచి వచ్చిన వాద్యమే. ఇప్పుడు దాన్ని పరాయిదని ఎవరంటారు? పేరొచ్చాక దండలు వేస్తాం. పేరు రాకముందు ఇంట్లో జరిగే చప్పుడునే భరించలేం.

ఈఏపీసెట్ ఉంది, ఫీజులు కట్టాం, గిటారు కూడు పెడుతుందా అని మా ఆయన అడుగుతారు. పెట్టకపోవచ్చు. నేను దాన్ని కచేరీలకి పంపుతాననడం లేదు. పరీక్ష వారంలో మానేస్తే నష్టమేం లేదు. కానీ మూడు నెలలు మాన్పించడం వేరు. చెయ్యి నేర్చుకున్నది చెయ్యి మర్చిపోతుంది. పైగా పదహారేళ్ళ పిల్ల ఎవరూ చెప్పకుండా, మార్కులు లేకుండా, ఒక చిన్న తప్పుని నెల రోజులు దిద్దుకుంటోంది. మనం రోజూ అరిచి నేర్పాలనుకునేది అదే కదా!

అందుకని ఇప్పుడు మా ఇంట్లో రెండు నియమాలు. ఆరున్నర నుంచి ఏడు దాకా ఎవరూ దాన్ని పిలవకూడదు, గేస్ కట్టెయ్యమని కూడా. చుట్టాల ముందు వాయించమని అడగకూడదు. మొదటిది నాకే కష్టంగా ఉంది.

పాత వేగం ఇంకా పూర్తిగా రాలేదు. నిన్న 72 దగ్గర ఆగిపోయింది. బీరువా మీద పెట్టకపోతే ఎక్కడ ఉండేదో నేనడగలేదు, అదీ చెప్పలేదు. మీ ఇంట్లో కూడా ఏ కీబోర్డో తబలానో అటక మీద ఉంటే, పరీక్షలయ్యేదాకా ఆగకండి. ఈ పూటే దించండి.